యూరప్‌ల ఉండి కెనడా సామాన్లు కొనాలంటె ఏడ దొరుకుతయి, అసలుది ఎట్ల గుర్తుపట్టాలె?

హాలియా పోరడు:

అందరికి నమస్తే. నాది నల్లగొండ జిల్లా హాలియా, ఇప్పుడు జర్మనీల డార్ట్‌మండ్‌ల ఉంటున్న. మా అక్క బావ కెనడాల రెజైనాల ఉంటరు, సస్కచెవాన్ రాష్ట్రం, బావ పప్పుదినుసులు శుభ్రం చేసి బస్తాలు నింపే ప్లాంటుల పనిచేస్తడు. 2025ల అటు అమెరికా వాళ్లు టారిఫ్‌లు పెట్టుడు, ఇటు మార్చిల చైనా వాళ్లు కెనడా బఠాణీల మీద, కనోలా అనే ఆవాల జాతి గింజల నూనె మీద 100 శాతం సుంకం ఎయ్యుడు, రెండు దిక్కుల కెళ్లి దెబ్బ పడ్డది. అక్క ఫోన్‌ల ఆడి రైతుల ముచ్చట చెప్తుంటె మన దగ్గర పత్తి రేటు పడిపోయినప్పుడు మార్కెట్ యార్డుల ట్రాక్టర్ల మీద కూసొని ఎదురుచూసే రైతులే యాదికొస్తరు. నేనొక్కన్ని కొంటె ఆడ ధర పెరగదని తెల్సు, అయినా ఎట్లాగో నెలనెలా సామాను కొంటనే ఉన్నం గద, అండ్ల అయ్యేటియి కెనడాయి కొందామని ఇంట్ల ఇద్దరం అనుకున్నం.

ఇగ సూపర్‌మార్కెట్‌కు పోతె ఏది కెనడాదో సమజైతలేదు. ఎర్ర మేపుల్ ఆకు బొమ్మ ఏసిన మేపుల్ సిరప్ (మేపుల్ చెట్టు నీళ్లతోటి చేసే తియ్యటి పాకం) సీసాలు రెండు మూడు రకాలు ఉన్నయి, ఒకటి ఇంకోదాంట్ల సగం ధర, రెండిట్ల మీద ఆకు ఉన్నది. వాట్సాప్‌ల ఒకటి తిరుగుతున్నది, బార్‌కోడ్ ముందు 754, 755 ఉంటె కెనడాదని, అది నమ్మొచ్చా? సిరప్ కాకుండ ఇంకేమేం దొరుకుతయి ఈడ? కెనడా వెబ్‌సైట్‌ల కెళ్లి డైరెక్ట్‌గ తెప్పించుకుంటె కస్టమ్స్‌ల ఎంత గుంజుతరు? అక్క పార్సిల్ పంపుతా అంటున్నది, అది మేలా? ఇంకోటి, దసరాకు ఊరికొస్తున్న, అమ్మకు నాయినకు కూడ ఏమన్న తేవాలని ఉన్నది. తెలిసినోళ్లు జర చెప్పుర్రి.


వనపర్తి టు లియోన్:

తమ్మీ, ముందుగాల ఆ బార్‌కోడ్ ముచ్చట ఇడిసిపెట్టు. 754, 755 అంటె ఆ కంపెనీ కెనడాల నంబరు తీసుకున్నదని అర్థం, అంతే, లోపలి సామాను ఏడ పండిందో ఏడ తయారైందో అది చెప్పది. చానా కెనడా కంపెనీలకు అమెరికా కంపెనీల లెక్క సున్నతోటి మొదలయ్యే నంబర్లే ఉంటయి. నీ దగ్గర జర్మన్ సూపర్‌మార్కెట్ వాడు కెనడా క్యూబెక్ రాష్ట్రం కెళ్లి సిరప్ తెప్పించి సొంత పేరు మీద అమ్మిండనుకో, దాని మీద జర్మనీ నంబరు ఉంటది, 400 నుంచి 440 మధ్యల. అంటె బార్‌కోడ్ చూసుకుంటపోతె అసలు కెనడా సిరప్‌నే నువ్వు షెల్ఫ్ మీద పెట్టేసి వస్తవు.

ఆకు బొమ్మ కూడ అంతే, ఎవడైనా ఏసుకోవచ్చు. సీసాను తిప్పు, వెనక చిన్న అక్షరాలల్ల పదార్థాల జాబితా ఉంటది. అసలు మేపుల్ సిరప్ అయితె అండ్ల ఒక్కటే పేరు ఉంటది, మీ దగ్గర అహోర్న్‌సిరప్, మా ఫ్రాన్స్‌ల సిరో దెరాబ్ల్. గ్లూకోజ్ ఫ్రక్టోజ్ సిరప్, కారమెల్ రంగు, అరోమా అని కనిపిస్తె అది చక్కెర పాకానికి వాసన కలిపింది, నువ్వు చెప్పిన సగం ధర సీసా బహుశ గదే అయుంటది. అసలుది అగ్గువకు రాదు, ఎందుకంటె చెట్టు కెళ్లి వచ్చే నీళ్లు దాదాపు 40 లీటర్లు కాగబెడితె 1 లీటరు సిరప్ దిగుతది, అది కూడ ఫిబ్రవరి ఆఖరు నుంచి ఏప్రిల్ దాకనే, రాత్రి గడ్డకట్టే చలి, పగటిపూట జర ఎండ ఉన్న రోజులల్లనే చెట్టు నీళ్లు కారుస్తది.

గ్రేడ్ ఏ అని రాసుంటె కెనడాదే అనుకోకు. అమెరికాల వెర్మాంట్ వాళ్లు కూడ గవే గ్రేడ్లు వాడుతరు. గోల్డెన్, ఆంబర్, డార్క్, వెరీ డార్క్ అని నాలుగు ఉంటయి, నాలుగూ గ్రేడ్ ఏ నే, అది రంగును బట్టి, సీజన్ మొదట్ల తీసింది లేత రంగు, ఆఖర్ల తీసింది చిక్కటి రంగు. లేతది పాన్‌కేక్ మీదికి బాగుంటది, నాకైతె డార్క్ ఇష్టం, అండ్ల రుచి గట్టిగుంటది, సజ్జరొట్టె మీద ఏసుకొని తింటె ఇగ ఆపబుద్ధి కాదు. ప్రపంచంల అమ్ముడుపోయే మేపుల్ సిరప్‌ల 70 శాతానికి పైగ కెనడాదే, అందుల్ల కూడ శానా మటుకు క్యూబెక్‌దే, కాబట్టి యూరప్‌ల అసలు సిరప్ దొరికితె అది కెనడాది అయ్యే అవకాశమే ఎక్కువ, అయినా వెనక దేశం పేరు చూసే కొను, జర్మన్‌ల హెర్‌కున్ఫ్ట్ గాని ఉర్‌ష్ప్రుంగ్ గాని అని ఉంటది, అంటె ఏడ కెళ్లి వచ్చిందో అని, పక్కన కనాడ అని ఉండాలె.

ఇంకో రూల్ నీకు పనికొస్తది. 2020 ఏప్రిల్ 1 నుంచి ఈయూల, అంటె యూరోపియన్ యూనియన్‌ల, ఏం పెట్టిన్రంటె, తిండి ప్యాకెట్ మీద ఒక దేశం పేరో జెండానో చూపించి, లోపలి ముఖ్యమైన సరుకు మాత్రం వేరే దేశంది అయితె ఆ సంగతి కూడ ప్యాకెట్ మీదనే రాయాలె. రిజిస్టరైన ట్రేడ్‌మార్క్ లోగోలకు మినహాయింపు ఉన్నది, ఆకు బొమ్మ లోగోలనే కలిపేస్తె తప్పించుకుంటరు. అందుకే ముందు బొమ్మను చూడకు, వెనక రాత చూడు అంటున్న.

ఇగ సిరప్ ఒక్కటే కెనడాది అనుకునుడే పెద్ద పొరపాటు, నువ్వు రోజు తినేదాంట్లనే కెనడా ఉన్నది. మా ఫ్రాన్స్‌ల దిజోన్ ఆవపేస్ట్ చూడు, పేరు మాత్రం ఫ్రాన్స్ ఊరిది, ఆవాలు ఎక్కువ మటుకు కెనడా కెళ్లి వస్తయి. 2021ల ఆడ ప్రేరీ అనే మైదానపు రాష్ట్రాలల్ల కరువొచ్చి ఎండలకు పంట మాడిపోతె 2022 ఎండకాలంల ఈడ షాపులల్ల ఆవపేస్ట్ షెల్ఫులు ఖాళీ. మనిషికి ఒక్క సీసానే అని బోర్డులు పెట్టిన్రు, నేను కళ్లార చూసిన. మూతార్ద్ ద బుర్‌గోఞ్ అని ఉంటె మాత్రం అది ఆ ప్రాంతపు ఆవాలతోనే చెయ్యాలె, అది వేరే లెక్క. అట్లనే ఇటలీ పాస్తా, దానికి వాడే డ్యూరం అనే గట్టి రకం గోధుమ కొంత కెనడాది. 2018 నుంచి ఇటలీల అమ్మే పాస్తా ప్యాకెట్ మీద గోధుమ ఏ దేశంల పండిందో రాయాలని పెట్టిన్రు, కొన్ని ప్యాకెట్లు జర్మనీకి కూడ గదే లేబుల్‌తోటి వస్తయి, వెనక చూస్తె కనాడ అని కనిపిస్తది. చానామంది ఇటాలియన్లు కెనడా గోధుమ ఉన్నదని ఆ ప్యాకెట్ పక్కన పెడుతరు, నువ్వు దాన్నే ఏరుకొని తీస్కో.


ప్రకాశం బజార్ పప్పుల దుకాణం:

బిడ్డా, నేను ఈడ నల్లగొండల పప్పుల యాపారం చేస్త. యూరప్ షాపుల సంగతి నాకు తెల్వదు గాని మీ బావ పనిచేసే ప్లాంటు అసొంటి ప్లాంట్ల సరుకే నా దుకాణంల ఉన్నది. మనం ఎర్రపప్పు అంటం గద, మసూర్, మన దగ్గర కంది, పెసర ఉన్నంత మసూర్ ఉండదు, మధ్యప్రదేశ్, యూపీల పండుతది, అది చాలక బయటి కెళ్లి తెస్తరు, అట్ల తెచ్చేదాంట్ల కెనడాది ఎప్పటి సందో పెద్ద వాటా. పొట్టుతోటి పోర్టుకొస్తది, ఈడ మిల్లుల పొట్టు తీసి పప్పు చేస్తరు. బస్తా మీద ప్రొడక్ట్ ఆఫ్ కెనడా అని ఉంటది, యాపారంల క్రిమ్సన్ అంటం ఆ రకాన్ని, గింజ చిన్నగ గుండ్రంగ ఉంటది, తొందరగ ఉడుకుతది. కిలో అడిగేటోళ్లకు అది కెనడాదని తెల్వది, ఖట్టీ దాల్ చేసుకొని తింటరు.

నీకెందుకు చెప్తున్ననంటె, ప్రపంచంల మసూర్ ఎగుమతి చేసేటోళ్లల్ల కెనడానే మొదటిది, అందుల్ల కూడ దాదాపు అంతా మీ అక్క ఉండే సస్కచెవాన్‌దే. ఆడ ఇది పాత పంట కాదు, 1970ల తర్వాత ఆడి యూనివర్సిటీ వాళ్లు ఆ నేలకు తగ్గ రకాలు తీసినంకనే పెరిగింది, 1978ల లెయిర్డ్ అనే పెద్ద పచ్చ రకం వచ్చింది, ఇప్పటికీ పెద్ద పచ్చ మసూర్‌ను యాపారంల గా పేరుతోనే పిలుస్తరు. గోధుమ ఎంబడి గోధుమ ఏస్తె భూమి అలిసిపోతది, నడుమ పప్పు పంట ఏస్తె నేలకు నత్రజని దొరుకుతది, మన పెద్దలు జొన్నల కంది ఏసింది ఎందుకో ఆడి రైతు గూడ అందుకే ఏస్తడు.

కాబట్టి నువ్వు నిజంగ ఆ రైతుకు పనికొచ్చేది కొనాలంటె సిరప్ సీసా కంటె ముందు పప్పు కొను బిడ్డా. సిరప్ ఏడాదికి ఒకటో రెండో సీసాలు తింటవు, పప్పు వారానికి ఎన్ని సార్లు వండుతరు మీ ఇంట్ల? మే నెలల విత్తుతరు, ఆగస్టు సెప్టెంబర్‌ల కోస్తరు, అంటె చలికాలం మొదలయ్యేసరికి కొత్త పంట మీ దిక్కు చేరుతుండొచ్చు. కొత్త పప్పు రంగు నిగనిగ ఉంటది, పాతది జర తెల్లబడి గచ్చులెక్క గట్టిగుంటది, ఉడకనీకి టైం తీస్కుంటది. నూనె పట్టించి మెరిపించింది ఉంటది, చేతికి జిడ్డు తగులుతది, అది తీస్కోకు.


హాలియా పోరడు:

పెద్దనాయనా, మీరు చెప్పినంక నిన్న సాయంత్రం మా ఇంటి దగ్గరి టర్కీ దుకాణంకు పోయి చూసిన. ఎర్రపప్పు ప్యాకెట్లు నాలుగు కంపెనీలయి ఉన్నయి. ముందర టర్కీ పేర్లు, టర్కీ ఊర్ల బొమ్మలు, వెనక వండే పద్ధతి కింద, తారీఖు అచ్చేసిన కాడ సన్నగ ఉర్‌ష్ప్రుంగ్ కనాడ అని ఉన్నది, రెండు కంపెనీలకు! ఒకదాని మీద టర్కీ అనే ఉన్నది, ఇంకోదాని మీద ఏమీ లేదు. నేను ఇన్నాళ్లు తింటున్న పప్పు మా బావ ప్లాంటు కెళ్లే వచ్చిందో ఏమో! ప్యాకెట్ ఫొటో తీసి అక్కకు పంపిన, బావ ప్లాంటు పేరు దాని మీద ఉండది గాని ఆయన మస్తు ఖుషీ అయిండు. ఒక సంగతి సమజ్‌కాలే, కెనడా పప్పు టర్కీ కంపెనీ ప్యాకెట్లకు ఎట్ల వచ్చింది?


ప్రకాశం బజార్ పప్పుల దుకాణం:

టర్కీ వాళ్లకు పొట్టు తీసి పప్పు చేసే మిల్లులు పెద్దయి ఉన్నయి, మెర్సిన్ పోర్టు దిక్కు. వాళ్ల పంట చాలక కెనడా సరుకు తెప్పించుకొని, ఆడించి, మళ్ల వేరే దేశాలకు అమ్ముతరు. మన మిల్లులోళ్లు కూడ చేసేది గదే పని గద, కాకపోతె మన దగ్గర చేసింది మనమే తినేస్తం. ఏమీ రాయని ప్యాకెట్ పక్కన పెట్టు. రాసినోడి సరుకు కొంటె ఇంకోడు కూడ రాస్తడు.


పాలమూరు అక్క:

నేను మహబూబ్‌నగర్, పదేండ్ల సంది రోటర్‌డామ్‌ల, కస్టమ్స్ కాయితాలు చేసే ఆఫీసుల పనిచేస్త. తమ్ముడూ పార్సిల్ ముచ్చట నేను చెప్త, జర పెద్దగుంటది, ఓపికగ సదువు.

ముందు అసలు సంగతి, కెనడాకు యూరప్‌కు సీటా అనే ఒప్పందం ఉన్నది, 2017 సెప్టెంబర్ 21 నుంచి అమల్ల ఉన్నది, మొదటి రోజే 98 శాతం రకాల సామాన్ల మీద కస్టమ్స్ డ్యూటీ సున్నా చేసిన్రు. మేపుల్ సిరప్ మీద అంతకుముందు 8 శాతం ఉండె, ఇప్పుడు లేదు. అందుకే షాపుల దొరికేది షాపుల కొనుడే అన్నిట్ల మేలు, కంటైనర్ల లెక్కన తెచ్చినోనికి డ్యూటీ పడది, షిప్పు కిరాయి కూడ సీసాకు పైసలల్లనే పడ్తది. నువ్వు ఒక్క సీసా పోస్టుల తెప్పించుకుంటె సిరప్ కంటె పోస్టు ఖర్చే ఎక్కువైతది.

షాపుల దొరకనిది తెప్పించాల్సి వస్తె ఏమైతదంటె, 2021 జులై 1 సంది ఎంత చిన్న పార్సిల్ అయినా కొన్నదైతె వ్యాట్ కట్టాలె, అంతకుముందు 22 యూరోల దాకా ఉన్న మినహాయింపు తీసేసిన్రు. మీ జర్మనీల అయితె చానా తిండి సామాన్ల మీద 7 శాతం, మిగిలినవాటి మీద 19 శాతం. అమ్మేటోడు ఐఓఎస్ఎస్ అని బయటి దేశాల కెళ్లి అమ్మేటోళ్లు వ్యాట్ కట్టే ఈయూ పద్ధతిల రిజిస్టర్ అయి ఉంటె 150 యూరోల దాకా ఉన్న ఆర్డర్‌కు వ్యాట్ చెక్‌అవుట్‌లనే తీస్కుంటడు, ఇంటికి వచ్చినప్పుడు ఇంకేం అడగరు. రిజిస్టర్ కాకపోతె పార్సిల్ తెచ్చేటోడు వ్యాట్ కట్టి, ఆ కట్టినందుకు వాని ఫీజు కూడ నీ దగ్గర వసూల్ చేస్తడు, కొన్నిసార్లు ఆ ఫీజు వ్యాట్ కంటె ఎక్కువుంటది, జనం తిట్టేది దానికే. అందుకే ఆర్డర్ పెట్టకముందు అమ్మేటోన్ని ఒక్క మాట అడుగు, ట్యాక్స్ మీరే కడ్తరా నేను కట్టాల్నా అని.

150 యూరోల కింద ఉన్నదానికి కస్టమ్స్ డ్యూటీ లేకుండె, కాకపోతె 2026 జులై 1 నుంచి ఇసొంటి చిన్న పార్సిల్‌ల మీద కూడ ఐటెం రకానికి 3 యూరోల లెక్కన డ్యూటీ ఎయ్యాలని 2025 డిసెంబర్‌ల ఈయూ దేశాలు ఒప్పుకున్నయి, అది లెక్కల పెట్టుకో. 150 దాటితె మామూలు డ్యూటీ. ఈడనే చానామంది పొరబడేది, కెనడా వెబ్‌సైట్‌ల కొన్న గద, సీటా ఉన్నది గద, డ్యూటీ సున్నా అనుకుంటరు. సీటా సున్నా అనేది కెనడాల తయారైన సామానుకు, కెనడా కెళ్లి పంపిన సామానుకు కాదు. వియత్నాంల కుట్టిన జాకెట్ టొరంటో గోడౌన్ కెళ్లి వచ్చినా అది వియత్నాం జాకెట్టే, బట్టల మీద 12 శాతం దాకా పడుతది. నిజంగ కెనడాల తయారైందే అయితె ఇన్‌వాయిస్ మీద ఆ సంగతి అమ్మేటోడు రాసియ్యాలె, రాయమని ముందుగాలనే అడుగు.

మీ అక్క పంపుడు సంగతి. మనిషికి మనిషి పంపే గిఫ్ట్ 45 యూరోల విలువ దాకా వ్యాట్ లేదు డ్యూటీ లేదు. పైసలు ఇచ్చి పంపించుకునుడు గిఫ్ట్ కిందికి రాదు, అక్క తన ఇష్టంతోటి పంపాలె, మీద గిఫ్ట్ అని, లోపల ఏముందో, ఎంత విలువో నిజం రాయాలె. దొంగ విలువ రాయొద్దు, ఆపితె మొత్తం పార్సిల్ ఆగుతది. ఇంకోటి మస్తు ముఖ్యం, మాంసం, పాల సామాన్లు పోస్టుల పంపొద్దు. ఎండబెట్టిన మాంసం, చీజ్ అసొంటివి కెనడా కెళ్లి ఈయూకు పార్సిల్‌ల రానియ్యరు, దొరికితె పారేస్తరు. మేపుల్ సిరప్, మేపుల్ బిస్కెట్లు, ఎండు క్రాన్‌బెర్రీలు, పప్పులు పంపొచ్చు.


సాగర్ కాల్వ:

నాది నిడమనూరు, ఇప్పుడు స్టాక్‌హోమ్‌ల ఉన్న. తిండి సంగతి సరే గాని నేను కంపెనీలను బట్టి కొంటున్న, కెనడా కంపెనీకి పైసలు పోతె చాలు గద, ఫ్రెంచ్ ఫ్రైస్ మెక్‌కెయిన్, జాకెట్ ఆర్క్‌టెరిక్స్, జిమ్ బట్టలు లులులెమన్, కాఫీ కికింగ్ హార్స్. అన్ని కెనడా కంపెనీలే. వెనక చిన్న అక్షరాలు సదివే ఓపిక అందరికి ఉండది, పేరు చూసి కొంటె అయిపోతది. పొలంల పండిందే కెనడాది అంటె ఫ్యాక్టరీల, ఆఫీసులల్ల పనిచేసే కెనడా వాళ్లు కెనడా వాళ్లు కాదా?


వనపర్తి టు లియోన్:

అన్నా, నీ ఆఖరి మాటతోటి నేను ఒప్పుకుంట, ఆఫీసులల్ల పనిచేసేటోళ్లు కూడ లెక్కకు రావాలె. కాని నువ్వు చెప్పిన నాలుగు పేర్లు ఒక్కొక్కటి చూద్దాం. మెక్‌కెయిన్ 1957ల న్యూ బ్రన్స్‌విక్‌ల ఫ్లోరెన్స్‌విల్‌ల పుట్టింది, ఇప్పటికీ ఆ కుటుంబందే, నిజం. అయితె ఈడ మనం తినే ఫ్రైస్ ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ ఆలుగడ్డలతోటి ఈడి ఫ్యాక్టరీలల్లనే తయారైతయి, మన ఇండియాల దొరికేటియి గుజరాత్ మెహ్‌సాణా ఫ్యాక్టరీయి. లాభం కెనడాకు పోతది, ఆలుగడ్డ మాత్రం కెనడా రైతుది కాదు. ఆర్క్‌టెరిక్స్ నార్త్ వాంకూవర్‌ల మొదలైంది, డిజైన్ ఆడనే చేస్తరు, అది అమెర్ స్పోర్ట్స్ చేతుల ఉన్నది, దాంట్ల పెద్ద వాటా చైనా కంపెనీ ఆంటాది. కికింగ్ హార్స్ కాఫీని 2017ల ఇటలీ లవాజా వాళ్లు 80 శాతం కొనుక్కున్నరు. లులులెమన్ ఆఫీసు వాంకూవర్‌ల, బట్టలు మాత్రం ఎక్కువ వియత్నాం, కంబోడియా, శ్రీలంక దిక్కు కుట్టిస్తరు. కెనడా గూస్ చూడు, దాని పార్కాలు, అంటె మందపు చలి జాకెట్లు, ఇప్పటికీ కెనడాలనే కుడుతరు, అయితె అమెరికా పెట్టుబడి కంపెనీ బెయిన్ చేతుల కంట్రోల్ ఉన్నది.

ఇవి కొనొద్దని నేను అంటలేను. ఎవరికి సాయం చెయ్యాలని కొంటున్నవో ముందు అనుకో, అప్పుడు ఏది చూడాలో తెలుస్తది. తమ్ముడు అడిగింది రైతుల కోసం, ప్లాంటుల పనిచేసే బావ కోసం, దానికి కంపెనీ పేరు చూస్తె పని కాదు, పంట ఏడిదో చూడాలె. కుట్టేటోళ్ల కోసం అయితె లోపలి లేబుల్ మీద మేడ్ ఇన్ కెనడా ఉన్నదా చూడు. కెనడా రూల్ ప్రకారం బట్టలు, బూట్లు అసొంటి సామాన్లకు మేడ్ ఇన్ కెనడా అంటె తయారీ ఖర్చుల కనీసం 51 శాతం ఆడిది అయుండాలె, ప్రొడక్ట్ ఆఫ్ కెనడా అంటె 98 శాతం. రెండిట్ల తేడా శానా ఉన్నది.

ఇంకొన్ని చెప్పుడు మర్చిపోయిన. ఫ్రోజెన్ సెక్షన్‌ల అడవి బ్లూబెర్రీలు, సన్నగ నల్లగ ఉంటయి, కొన్ని ప్యాకెట్ల మీద కెనడా అని ఉంటది, క్యూబెక్, నోవా స్కోషియా దిక్కు మస్తు పండుతయి. ఎండు క్రాన్‌బెర్రీ కూడ చూడు, అమెరికా తర్వాత కెనడానే పెద్దది, ఎక్కువ క్యూబెక్‌ల. చేపలు తినేటోళ్లైతె ప్యాకెట్ మీద పట్టిన సముద్రం నంబరు ఉంటది, 21 అంటె వాయవ్య అట్లాంటిక్, 67 అంటె ఈశాన్య పసిఫిక్, ఈ రెండు దిక్కుల కెనడా ఉన్నది గాని అమెరికా కూడ ఉన్నది, 67ల అలాస్కా సాల్మన్ కూడ వస్తది, కాబట్టి నంబరు చూసి ఆగకు, దేశం పేరు ఉన్నదా చూడు. తియ్యటి వైన్ తాగేటోళ్లకు ఐస్‌వైన్ ఉన్నది, నయాగరా దిక్కుది, మైనస్ 8 డిగ్రీల చలిల చెట్టు మీదనే గడ్డకట్టిన ద్రాక్ష తెంపి చేస్తరు, చిన్న సీసానే ఖరీదు ఎక్కువ, పండుగ కోసమైతె కొనొచ్చు.


సాగర్ కాల్వ:

కికింగ్ హార్స్ ఇటలీ వాళ్లు కొన్నది నాకు తెల్వది. సరే, ఫ్రైస్ వదిలిపెట్టను, పిల్లలు తింటరు, పప్పు మాత్రం చూసి కొంట. స్వీడన్‌ల మాకు టర్కీ దుకాణం లేదు మా ఏరియాల, అరబ్ దుకాణం ఉన్నది, ఆడ కూడ గవే ప్యాకెట్లు ఉంటయా?


పాలమూరు అక్క:

ఉంటయి తమ్ముడూ, పప్పు ఎక్కువ అమ్ముడుపోయే దుకాణం ఏదైనా సరే, అరబ్బులదైనా మన ఇండియన్ దుకాణమైనా. ఇండియన్ దుకాణంల మాత్రం జాగ్రత్త, ఇండియాల ప్యాక్ చేసింది ఉంటది, యూకేల ప్యాక్ చేసింది ఉంటది, ప్యాక్ చేసిన దేశం వేరు, పండిన దేశం వేరు, రెండిట్లకు వేరు వేరు లైన్లు ఉన్నయా చూడు. దుకాణమాయన్ను అడుగు, అడిగితె పెద్ద బస్తా చూపిస్తడు, చిల్లర ప్యాకెట్ మీద లేని రాత బస్తా మీద ఉంటది, మా దగ్గర ఆయన అట్లనే చూపించిండు. బస్తా కెళ్లి తూకం ఏసి ఇస్తె ధర కూడ తగ్గుతది.


హాలియా పోరడు:

అందరికి మస్తు థ్యాంక్స్. అక్కకు చెప్పిన, మాంసం గిట్ల పెట్టొద్దని, 45 యూరోల లోపల క్రాన్‌బెర్రీలు, మేపుల్ బిస్కెట్లు పంపుతా అన్నది. ఇంటి పప్పు మాత్రం ఈడనే కొంట. ఇగ ఒక్కటే మిగిలింది, దసరాకు హాలియాకు తెచ్చేది. అమ్మకు షుగర్ లేదు, నాయినకు ఉన్నది. మేపుల్ సిరప్ తేవచ్చా, విమానంల సీసా పగులుతదేమో అని భయం.


పాలమూరు అక్క:

చెక్‌ఇన్ బ్యాగుల పెట్టు, చేతి సంచిల 100 మిల్లీలీటర్లు దాటితె చానా ఎయిర్‌పోర్టులల్ల సెక్యూరిటీ కాడనే తీసేస్తరు. సీసా వద్దు, రేకు డబ్బా దొరికితె అది తీస్కో, క్యూబెక్‌ల సిరప్ మామూలుగ 540 మిల్లీలీటర్ల రేకు డబ్బాలల్లనే అమ్ముతరు, యూరప్‌ల కెనడా సామాన్లు అమ్మే ఆన్‌లైన్ షాపులల్ల దొరుకుతది, ఈయూ లోపలి షాపుల కొంటె కస్టమ్స్ బాధ ఉండది. డబ్బా ఇప్పినంక గాజు సీసాల పోసి ఫ్రిజ్‌ల పెట్టుమని అమ్మకు చెప్పు, బయట పెడితె మన ఎండలకు బూజు పడుతది. నాయినకు మాత్రం ఇయ్యకు తమ్ముడూ, చెట్టు కెళ్లి వచ్చిందైనా అది చక్కెరనే, మూడింట్ల రెండొంతులు చక్కెర ఉంటది. చెట్టుది ఏం కాదు అని ఊర్ల ఎవరో ఒకరు అంటరు, గా మాట ఇనొద్దని ఇప్పుడే చెప్పిపెట్టు. ఆయనకు ఏమన్న తేవాలంటె చలికి ఉన్ని సాక్సులో మఫ్లరో తే, లేబుల్ మాత్రం చూసి కొను.


ప్రకాశం బజార్ పప్పుల దుకాణం:

హాలియాకు కెనడా పప్పు మోసుకరాకు బిడ్డా, నా దుకాణంల ఉన్నది. వచ్చినప్పుడు నల్లగొండల దిగి ఓసారి రా, బస్తా మీది రాత చూపిస్త, ఫొటో తీసి మీ బావకు పంపు.